టీకి ముందు గంట

నాలుగున్నరకి మాత్ర,
పళ్ళు జివ్వుమనే కుళాయినీళ్ళతో.
తర్వాత గంటసేపు ఏమీ తినకూడదు, టీ కూడా తాగకూడదు.
కెటిలూ నేనూ
మాటలు మానేసిన తోడికోడళ్ళలా
ఒకరినొకరం చూసుకుంటూ కూర్చుంటాం.

సరిగ్గా అప్పుడే లేస్తుంది అది.
ముందు కుడి పిక్క మీద, ఎవరో వేలితో పేరు రాసినట్టు.
తర్వాత నడుం చుట్టూ. తర్వాత రెండు రెక్కల మధ్య,
చెయ్యి పైనుంచి పంపినా కిందనుంచి పంపినా అందని
ఆ అరచేతంత జాగా.
మనిషిని చేసిన దేవుడు
అక్కడికొచ్చేసరికి రెండంగుళాలు పీనాసి అయ్యాడు.

గరిటె కాడ అయింది.
మా మామగారి వల అల్లే చెక్కసూదీ అయింది.
నలభై ఏళ్ళు కాడ్ చేపల వలలు కుట్టిన సూది,
కోడలి వీపుకి పనికొస్తుందని ఆయన కలగన్నాడా?
చివరికి వంటింటి గుమ్మానికి ఆనుకుని
అడవి దుప్పిలా రుద్దుకుంటుంటే
సైలస్ నిద్రకళ్ళతో వచ్చి నిలబడ్డాడు.
"ద్రుసిల్లా, రంగు ఊడిపోతుంది."
నాదా, గుమ్మానిదా అని అడగలేదు నేను.

కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు.
ఈ ఇంట్లో కందా నేనే, కత్తిపీటా నేనే.

నిరుడు డాక్టరమ్మ కాగితం మీద గీసి చూపించింది:
నా మెడలో సీతాకోకచిలుక ఉందిట, రెక్కలు మందగించాయిట.
ఈ న్యూఫౌండ్‌లాండ్ గాలికి అక్టోబరు దాటి
ఏ సీతాకోకచిలుక బతికింది తల్లీ, అన్నాను.
ఆవిడ నవ్వలేదు.
డెబ్భై అయిదు మైక్రోగ్రాములు రాసింది.
ఊదారంగు మాత్ర, చంటిపిల్ల గౌను బొత్తాంలా ఉంది.

నిజం చెప్పాలి, మేలే చేసింది.
మెట్లు ఎక్కుతున్నాను. పిల్లల పేర్లు మర్చిపోవడం లేదు.
స్టీరింగు మీద చేతులు వెచ్చగా ఉంటున్నాయి.
ఒళ్ళంతా నిద్ర లేచింది,
దాంతోపాటు చర్మం కూడా లేచి
ఇన్నాళ్ళ బాకీ అడుగుతోందేమో.

ఓట్లు పాతమేజోడులో కట్టి నీళ్ళ తొట్టిలో వేశాను.
రోజంతా నా దగ్గర జావ వాసన.
ఉన్ని స్వెట్టరు లోపల నూలు చొక్కా, దాని లోపల వేజలీను,
దాని లోపల నేను, తిట్టుకుంటూ.

మందులషాపు నోరీన్ కళ్ళజోడు పైకి నెట్టి అంది:
"మాత్రలో వేసే రంగు కావచ్చు. కట్టెలపొయ్యి కావచ్చు.
గ్రంథి ఇంకా దారిన పడకపోవడం కావచ్చు.
యాభై ఏళ్ళు దాటడం కూడా కావచ్చు.
మందు మటుకు మానకండి.
డాక్టరుతో నేను మాట్లాడతాను, రంగులేని తెల్లవి ఒకటిన్నర వేసి చూద్దాం."
నాలుగు కావచ్చులు సంచిలో వేసుకుని
జారే రోడ్డు మీద ఇంటికొచ్చాను.

బస్సులో నా వెనక సీటు కెజాయాది. ఎనిమిదేళ్ళు.
మోచేతి మడతలో ఎర్రటి పొక్కులు.
పళ్ళతో తొడుగు లాగేసి గోక్కోబోయి
అద్దంలో నా కళ్ళు చూసి ఆగింది.
అప్పటికి నేను సీటుకి వీపు రుద్దుతున్నాను.
ఇద్దరం దొరికిపోయాం.

"నీకూనా?"
"నాకూ."
"గోక్కోకూడదు. తట్టాలి. నర్సు చెప్పింది."
"నాకు అందదే పిల్లా."

ఏమీ అనలేదు.
దిగేటప్పుడు వెనక్కి తిరిగి
నా కోటు మీద, ఎలా తెలిసిందో ఆ జాగాలోనే,
తొడుగున్న చేత్తో మూడుసార్లు తట్టి
మంచులోకి దూకింది.
కోటు రెండు వేళ్ళ మందం. ఏమీ తగల్లేదు.
అయినా బస్సు కదపడానికి కాస్త ఆలస్యమైంది.

తెల్లమాత్రలకి ఇది అయిదో వారం.
నడుం వదిలింది. పిక్క వదల్లేదు.
వీపు సంగతి రోజుకో మాట చెబుతోంది.
వచ్చే గురువారం రక్తం తీస్తారు.

అయిదు ఇరవై.
ఇంకా పది నిమిషాలు.
చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.
కెటిల్ అడుగున ఒక్క బుడగ కదిలింది.